పొలం అమ్మే ముందు వేసుకోవలసిన లెక్క

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. 72 ఏళ్ల మా నాన్నగారికి రెండు నెలల క్రితం పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కాలు పడిపోయాయి. నెల్లూరు పొగతోటలో వైద్యం చేయించి ఇంటికి తెచ్చాం. మాట తడబడుతున్నా చెప్పింది అర్థం చేసుకుంటున్నారు. ఆయన ఒక్కరి పేరునే 14 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్లు, పోస్టాఫీసు సీనియర్ సిటిజన్స్ పథకంలో 8 లక్షలు, రెండెకరాల మాగాణి ఉన్నాయి. కౌలు ఏడాదికి 60 వేలు వస్తుంది. ఆస్పత్రి ఖర్చుకు నూటికి రెండు రూపాయల వడ్డీకి 3 లక్షలు తెచ్చాం. నెలకు ఆయన్ను చూసుకోవడానికి పెట్టిన మనిషికి 18 వేలు, ఫిజియోథెరపీకి 10 వేలు, మందులకూ డైపర్లకూ 7 వేలు అవుతున్నాయి. అమ్మకు 66 ఏళ్లు. పొలం తన పేర రాస్తే తనే చూసుకుంటానని తమ్ముడు, అమ్మేద్దామని చెల్లెలు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: పొలం సంగతి ఈ ఏడాదికి పక్కన పెట్టండి. అంతకంటే ముందుగా తేల్చుకోవలసింది, నాన్నగారి డబ్బును ఆయన కోసమే బయటికి తీయగలిగిన వారు ఇంట్లో ఎవరన్నది. ప్రస్తుతం ఎవరూ లేరు. నామినీగా అమ్మగారి పేరుందని ధీమా పడకండి. నామినేషన్ ఖాతాదారు మరణించిన తర్వాతే పనికొస్తుంది. పవర్ ఆఫ్ అటార్నీ, అంటే ఆయన తరఫున వ్యవహరించే అధికార పత్రం, రాయించుకున్నా, రాసిచ్చిన మనిషికి మతి స్థిమితం తప్పితే అది చెల్లదు. అప్పుడు సంరక్షకుడి నియామకం కోసం హైకోర్టు దాకా వెళ్లవలసి రావచ్చు. నాన్నగారికి అన్నీ తెలుస్తున్న ఈ రోజుల్లోనే బ్యాంకు మేనేజరును కలవండి. సంతకం చేయలేని ఖాతాదారు వేలిముద్రను ఇద్దరు సాక్షుల ఎదుట తీసుకోవచ్చు. వారిలో ఒకరు బాధ్యత గల బ్యాంకు అధికారి అయి ఉండాలి. ఆ విధంగా పొదుపు ఖాతాలోనూ డిపాజిట్లలోనూ అమ్మగారి పేరు చేర్చి, ఇద్దరిలో ఎవరైనా నడిపే ఏర్పాటు చేయించండి. అయినా గడువుకు ముందే డిపాజిట్ తీయాలంటే ఇద్దరి అంగీకారమూ అడగవచ్చు గనుక, డబ్బంతా ఒకే డిపాజిట్‌గా ఉంచక, వేర్వేరు నెలల్లో గడువు తీరేలా చిన్న చిన్నవిగా మార్చుకోవడం మంచిది.

అదే రోజున 3 లక్షలు తీసి అప్పు తీర్చేయండి. ఆ అప్పుకు నెలకు 6,000 వడ్డీ కడుతున్నారు. అదే 3 లక్షల మీద బ్యాంకు ఏడు శాతం లెక్కన ఇచ్చేది 1,750. డిపాజిట్ ముట్టుకోకూడదన్న పట్టుదల మన ఇళ్లలో ఎక్కువే గానీ, ఇక్కడ దానికి అర్థం లేదు.

ఇక నెలవారీ లెక్క. ఖర్చు 35,000. పోస్టాఫీసు పథకానికి 8.2 శాతం వడ్డీ అనుకుంటే మూడు నెలలకు 16,400, అంటే నెలకు సుమారు 5,500. కౌలు 5,000. మిగిలిన 11 లక్షల డిపాజిట్ల మీద సుమారు 6,400. అన్నీ కలిపి 17 వేలకు దగ్గరగా వస్తాయి, ఇంకో 18 వేలు తక్కువ పడతాయి. ఆ లోటును డిపాజిట్ల నుంచే పూడిస్తే, ఖర్చు పెరగకపోయినా నాలుగున్నరేళ్ల లోపే అవి అయిపోతాయి. ముగ్గురు పిల్లలూ నెలకు 6,000 చొప్పున అమ్మగారి ఖాతాలో వేస్తే డిపాజిట్ల అసలు మొత్తం కదలదు. దగ్గరుండి చూసుకునేవారికి వాటా తగ్గించడం న్యాయమే. అయితే ఎంత తగ్గిస్తున్నారో ముగ్గురూ ముందే కాగితం మీద పెట్టుకోండి.

ఖర్చు తగ్గించాలని ఫిజియోథెరపీ జోలికి మాత్రం వెళ్లకండి. పక్షవాతం తర్వాత కోలుకోవడం మొదటి మూడు నుంచి ఆరు నెలల్లోనే వేగంగా ఉంటుంది. ఆయన తనంతట తాను మంచం దిగి నాలుగడుగులు వేయగలిగితే 18 వేల మనిషి అవసరమే సగానికి తగ్గవచ్చు. మంచం, వీల్‌చెయిర్ కొనకుండా అద్దెకు తీసుకోండి. పుండ్లు పడకుండా గాలి పరుపు మాత్రం వెంటనే కావాలి.

70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏటా 5 లక్షల దాకా వైద్యం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరులో మొదలైంది. ఆధార్‌తో నాన్నగారికి తీసుకోండి. అది ఆస్పత్రిలో చేరితే ఆదుకుంటుంది, ఇంట్లో పెట్టుకున్న మనిషి జీతం ఇవ్వదు. పూర్తిగా మంచానికో వీల్‌చెయిర్‌కో పరిమితమైన పక్షవాత రోగులకు రాష్ట్ర ప్రభుత్వం ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 15,000 పింఛను ఇస్తోంది. వైద్యుల ధ్రువీకరణ, ఇతర అర్హతలు కుదరాలి గనుక గ్రామ సచివాలయంలో విచారించండి. చేతికి వచ్చేదాకా లెక్కలో కలుపుకోవద్దు.

పొలం ఇప్పుడు అమ్మకానికి పెడితే, మీ అవసరం తెలిసిన ఊళ్లో సరైన ధర పలకదు. తమ్ముడి పేర రాయాలని నాన్నగారే కోరుకుంటే, తల్లిదండ్రుల పోషణ బాధ్యత అతనిదేనన్న షరతును దస్తావేజులోనే రాయించాలి. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ కింద, షరతు తప్పితే ఆ బదిలీని రద్దు చేయమని ట్రిబ్యునల్‌ను కోరవచ్చు. నోటిమాట మీద రాసిస్తే ఆ రక్షణ నిలవడం కష్టం. అసలు అమ్మగారి తర్వాతే పంచుకోవడం మేలని నా అభిప్రాయం, ఎందుకంటే ఆమె ఆధారం కూడా ఈ ఆస్తే.

ఆమెకు 70 నిండడానికి ఇంకా నాలుగేళ్లుంది, ఆయుష్మాన్ కార్డు అప్పటిదాకా రాదు. బీమా సంస్థలు అన్ని వయసులవారికీ ఆరోగ్య పాలసీలు అందించాలన్న నిబంధన 2024 ఏప్రిల్ నుంచి ఉంది కాబట్టి ఆమెకు విడిగా ఆరోగ్య బీమా ప్రయత్నించండి. బీపీ, షుగరు ఉంటే దాచకుండా రాయండి. అలాంటి పాత జబ్బులకు గరిష్ఠంగా మూడేళ్ల నిరీక్షణ ఉంటుంది, ఆ గడువు పాలసీ తీసుకున్న రోజు నుంచే లెక్కకు వస్తుంది.