ఆన్‌లైన్‌లో 16, డాక్టరు దగ్గర 14: డిప్రెషన్ తగ్గినట్టేనా?

ప్రశ్న: నా వయసు 34. రెండు నెలలుగా నిద్ర సరిగా పట్టడం లేదు, దేనిమీదా ఆసక్తి ఉండటం లేదు. ఆన్‌లైన్‌లో పీహెచ్‌క్యూ-9 (డిప్రెషన్ తీవ్రత కొలిచే తొమ్మిది ప్రశ్నల పత్రం) నింపితే 16 వచ్చింది. వారం తర్వాత సైకియాట్రిస్టు హామిల్టన్ స్కేలు వేసి 14 అన్నారు. తగ్గుతున్నట్టేనా?

జవాబు: ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడకూడదండీ. పీహెచ్‌క్యూ-9 మీరే నింపేది, మొత్తం 27కి. 15 నుంచి 19 వస్తే తీవ్రత మధ్యస్థం కంటే ఎక్కువని అర్థం. హామిల్టన్ స్కేలును డాక్టరు మీతో మాట్లాడి, మీ మాట తీరు, కదలికలు గమనించి వేస్తారు. అందులో 17 అంశాలు, గరిష్ఠం 52. ఒక్క నిద్రకే మూడు అంశాలుంటాయి. అక్కడ 14ను సాధారణంగా మధ్యస్థ తీవ్రతగానే లెక్కిస్తారు.

అసలు ఏ స్కోరూ జబ్బు పేరు చెప్పదు. పీహెచ్‌క్యూ-9లో నిద్ర, నీరసం, ఆకలి, ఏకాగ్రత అనే నాలుగింటితోనే 12 దాకా రావచ్చు. థైరాయిడ్ లోపం, రక్తహీనత, మద్యం, కొన్ని మందులు కూడా ఈ ఇబ్బందులు తెస్తాయి. అందుకే రక్తపరీక్షలు అవసరమా అని డాక్టర్ని అడగండి. గతంలో కొన్ని రోజులపాటు నిద్ర లేకపోయినా అలసట తెలియకుండా, విపరీతమైన హుషారుతో గడిపి ఉంటే తప్పకుండా చెప్పండి. అది బైపోలార్ (విపరీతమైన హుషారు, దిగులు మారిమారి వచ్చే జబ్బు) అయితే మందులే మారిపోతాయి.

ఇకపై రెండు మూడు వారాలకోసారి అదే పీహెచ్‌క్యూ-9 నింపండి. చాలామంది ఆ రోజు మనసెలా ఉందో దాన్నిబట్టి టిక్కు పెట్టేస్తారు, తప్పు అక్కడే జరుగుతుంది. గడిచిన 14 రోజుల్లో ఎన్ని రోజులు అలా ఉందో లెక్కపెట్టండి: సగానికి మించితే 2, దాదాపు రోజూ ఉంటే 3. పాత జవాబులు చూడొద్దు. ఒకటి రెండు పాయింట్ల తేడాకు సంబరపడనక్కర్లేదు, కంగారూ వద్దు. 5 తగ్గితే నిజమైన మార్పు. చికిత్సలో మొదట స్కోరు సగానికి, ఆ తర్వాత 5 కంటే కిందికి రావాలని చూస్తాం.

తొమ్మిదో ప్రశ్న మాత్రం విడిగా చూడాలి. చనిపోతే బాగుండుననో, గాయపరచుకోవాలనో అనిపించి అక్కడ 1 పెట్టినా, మొత్తం ఎంత తక్కువైనా, ఆ రోజే డాక్టరుకు చెప్పండి. ఎలా చేయాలన్న ఆలోచన దాకా వెళ్తే ఒంటరిగా ఉండకండి, ఇంట్లోవాళ్లను వెంటబెట్టుకుని వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.