పెగ్ ట్యూబ్, ఫిట్స్ ఉన్న తమ్ముడి కోసం హోమ్ చూస్తున్నాం. దేన్ని బట్టి తేల్చుకోవాలి?

తమ్ముడికి 28 ఏళ్లు, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని ఒంటి కదలికల మీద పట్టు లేకపోవడం), మాట రాదు, పొట్టకి పెట్టిన పెగ్ ట్యూబ్ ద్వారానే ఆహారం, అప్పుడప్పుడు ఫిట్స్ అని రాశారు. ఇలాంటివాళ్లని ఉంచుకుని చూసుకునే హోమ్‌లు మూడు చూశామని, మూడూ "చూసుకుంటాం" అన్నాయని కూడా రాశారు.

ఆ మాట అందరూ అంటారు. మీరు అడగాల్సింది వేరు: రాత్రి రెండింటికి ఫిట్స్ వస్తే లేచి వచ్చేదెవరు, వాళ్లకి ఏం చేయడం వచ్చు? పగలు మీతో మాట్లాడే మేనేజరు ఆ వేళకి అక్కడ ఉండరు.

వెళ్లే ముందు అతని 24 గంటలూ ఒక కాగితం మీద పెట్టండి. ఏ టైముకి ఎన్ని మి.లీ. ఫీడ్, ఏ మందు ఎప్పుడు, ఎత్తడానికి ఎంతమంది కావాలి, ఏ పక్కకి పడుకుంటాడు. పళ్లు కొరికితే నొప్పి, తల అటు తిప్పేస్తే ఇక చాలని... ఇలాంటివీ రాయండి, ఇంట్లోవాళ్లకి తప్ప ఎవరికీ తెలియవు. ఆ కాగితం హోమ్‌వాళ్ల ముందు పెట్టి, ఒక్కో లైనుకీ "ఇది ఏ షిఫ్టులో ఎవరు చేస్తారు?" అని అడగండి. "ఇది మా వల్ల కాదు" అని ఏదో ఒక లైను దగ్గర ఆగే హోమ్‌నే నేనైతే ఎక్కువ నమ్ముతాను.

ట్యూబ్ ఫీడ్ ఎలా ఇస్తారో నోటితో చెప్పించుకోకండి, చేసి చూపించమనండి. తల వైపు 30 నుంచి 45 డిగ్రీల ఎత్తు ఉండాలి, ఫీడ్ అయ్యాక కూడా కనీసం అరగంట, వీలైతే గంట అలాగే ఉంచాలి. వెంటనే వెల్లకిలా పడుకోబెడితే లోపలికి పోయింది వెనక్కి వచ్చి ఊపిరితిత్తుల్లోకి దిగొచ్చు, న్యుమోనియాకి అదే దారి. ఫీడ్‌కి ముందూ తర్వాతా సిరంజితో నీళ్లు పంపాలి, పెద్దవాళ్లకి మామూలుగా 30 మి.లీ. మందులన్నీ కలిపి నూరి ఒకేసారి పోస్తామంటే అక్కడే ఆపండి. ట్యూబ్ మూసుకుపోయేది ఎక్కువగా ఆ పొడి వల్లే. పైగా నెమ్మదిగా విడుదలయ్యే రకం ఫిట్స్ మాత్రని నూరితే డోసంతా ఒక్కసారే ఒంట్లోకి పోతుంది. ఫెనిటాయిన్ అనే ఫిట్స్ మందు వాడుతుంటే ఫీడ్‌కీ మందుకీ మధ్య ఎంత ఎడం ఇస్తున్నారో తప్పకుండా అడగండి, ఫీడ్‌తో కలిస్తే అది సరిగ్గా ఒంటపట్టదు. ట్యూబ్ ఊడిపోతే? పొట్ట మీది కన్నం కొన్ని గంటల్లోనే పూడుకోవడం మొదలవుతుంది కాబట్టి "పొద్దున చూద్దాం" అనేది జవాబు కాదు.

ఫిట్స్ దగ్గర గడియారం ముఖ్యం. మొదలైన నిమిషం చూసుకోవాలి, 5 నిమిషాలు దాటితే అది ఎమర్జెన్సీ. ముక్కులోనో బుగ్గలోనో ఇచ్చే మందు డాక్టరు రాసి ఉంటే, అది ఏ బీరువాలో ఉంది, రాత్రి తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది? ఆ తాళంచెవిని నర్సు ఇంటికి పట్టుకెళితే ఆ మందు లేనట్టే లెక్క. నోట్లో చెంచా పెడతామని ఎవరైనా అంటే వాళ్లకి ట్రైనింగ్ లేదని అర్థం.

పేర్లు కనపడకుండా మూసి, పక్క తిప్పిన చార్టు ఒకటి చూపించమనండి. ఒంటికి పుండ్లు పడకుండా కదలలేని మనిషిని సుమారు రెండు గంటలకోసారి తిప్పుతారు. 10, 12, 2, 4 అని వారం రోజుల ఎంట్రీలన్నీ ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో, ఒక్క నిమిషం తేడా లేకుండా ఉంటే అవి తెల్లారాక కూర్చుని రాసినవి. మందుల చార్టూ అంతే: పొద్దున 11కి వెళ్లినప్పుడు ఆ రోజు రాత్రి ఇవ్వాల్సిన డోసుకి అప్పుడే సంతకం పడి ఉందేమో చూడండి.

"మా తమ్ముడు అరిస్తే ఏం చేస్తారు?" అన్నది ఇంకో ప్రశ్న. మలబద్ధకమా, పన్ను నొప్పా, చెవి నొప్పా, ట్యూబ్ దగ్గర పుండా అని వెతుకుతామనాలి. మొదటి మాటే మత్తుమందు అయితే లేచి వచ్చేయండి.

రెండోసారి చెప్పకుండా వెళ్లండి, సెలవు రోజు సాయంత్రం అయితే మేలు. అటెండెంట్‌ని "ఇక్కడ ఎన్నాళ్లుగా చేస్తున్నారు?" అని మామూలుగా పలకరించండి. అందరూ చేరి రెండు నెలలు కానివాళ్లే అయితే మీ తమ్ముడి సైగలు నేర్చుకునేలోపే మనిషి మారిపోతారు. గోడల రంగు, తోట... వాటి సంగతి వదిలేయండి.

అగ్రిమెంటులో మూడు చూడండి: ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో బెడ్ ఉంచుతారా, ఏ కారణాలకి పంపించేస్తారు, దానికి ఎన్ని రోజుల ముందు చెప్తారు. సంతకానికి ముందు రెండు వారాలైనా ట్రయల్ పెట్టుకోండి. చేర్చిన రోజే ఇద్దరి సమక్షంలో బరువు చూసి, పుండ్లు పడే చోట్లైన మడమలు, నడుం కింది భాగం ఫోటో తీసి మీ దగ్గరొకటి, హోమ్ దగ్గరొకటి ఉంచండి. వారానికోసారి మళ్లీ తూయండి. బరువు తగ్గుతుంటే ఏదో పూట ఫీడ్ తప్పిపోతోందేమో అనుమానించండి. ఫీడ్ చార్టు అడిగి చూడండి.