‘అది సిగరెట్ కాదమ్మా’ అంటున్నాడు.. ఏం చేయాలి?

ప్రశ్న: మాది అనంతపురం. పదేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మా అబ్బాయికి 16 ఏళ్లు, పీయూసీ మొదటి సంవత్సరం. బట్టలు ఉతకబోతుంటే వాడి జేబులో పెన్ డ్రైవ్ లాంటి వస్తువు దొరికింది. మామిడిపండు వాసన వస్తోంది. వేప్ అట, అంటే ఈ-సిగరెట్. ‘ఇది సిగరెట్ కాదు, ఉత్త ఆవిరి. క్లాసులో సగం మంది పీలుస్తారు. ఎప్పుడు కావాలంటే అప్పుడు మానేస్తాను’ అంటున్నాడు. మా వారు చేయి చేసుకున్నారు. ఆయనకూ బాల్కనీలో సిగరెట్ కాల్చే అలవాటుంది. అప్పటి నుంచి వాడు మాతో మాట్లాడటం లేదు. వాడికి తెలియకుండా మూత్ర పరీక్ష చేయించమంటారా? ఊళ్లో మా అన్నయ్య ఇంట్లో ఉంచమంటారా?
- ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, రెండూ వద్దు. మత్తుపదార్థాల కోసం చేసే మామూలు మూత్ర పరీక్షల్లో చాలావాటిలో నికోటిన్ (పొగాకులోనూ, వేప్‌లలోనూ ఉండి అలవాటు చేసే పదార్థం) తెలియదు, దానికి పరీక్ష వేరే ఉంటుంది. పైగా చాటుగా చేయించారని తెలిస్తే మిగిలిన కాస్త నమ్మకమూ పోతుంది. ఇక ఊరు మార్చినంత మాత్రాన అలవాటు ఇక్కడే ఉండిపోదు.

మీ అబ్బాయి అబద్ధం చెప్పడం లేదు, నిజంగానే అలా నమ్ముతున్నాడు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. సిగరెట్ పొగకు గొంతు మండుతుంది, దగ్గు వస్తుంది. చాలా వేప్‌లలో నికోటిన్‌ను లవణ రూపంలో కలుపుతారు కాబట్టి గొంతు మండదు, పీల్చుతున్నది ఎంతో పిల్లవాడికి తెలియదు. కొన్ని క్షణాల్లోనే అది మెదడుకు చేరుతుంది. మెదడు ఎదుగుదల 25 ఏళ్ల వరకూ సాగుతుంది కనుక, ఈ వయసులో అలవాటు పెద్దవాళ్లకన్నా త్వరగా బిగుసుకుంటుంది. ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకాలను మన దేశంలో 2019లోనే నిషేధించారు. అంటే మీ వాడి చేతికి వచ్చింది దొంగసరుకు. అందులో ఏం కలిపారో అడిగే నాథుడు లేడు.

‘క్యాన్సర్ వస్తుంది’ అని బెదిరిస్తే పదహారేళ్లవాడికి అది ఎక్కడో యాభై ఏళ్ల మాట. చెప్పడం కన్నా అడగడం మేలు. ఎప్పుడైనా మానేస్తానని ధీమాగా చెప్పిన ఒక అబ్బాయికి నేను కాగితం ఇచ్చి, నిన్న ఎప్పుడెప్పుడు పీల్చావో రాయమన్నాను. పళ్లు తోముకోకముందు ఒకసారి, బస్సు ఎక్కే ముందు, విరామంలో బాత్రూములో, ట్యూషన్ మెట్ల మీద... సాయంత్రం దాకా కూడా రాకముందే పెన్ను ఆపి, ‘ఇన్నిసార్లా డాక్టర్?’ అని తనే అడిగాడు. నేను ఒక్క మాటా చెప్పలేదు.

మీరూ అలాగే అడగండి. నిద్ర లేచిన ఎంతసేపటికి కావాలనిపిస్తుంది? మూడు రోజులు మాని చూస్తావా? మానితే చిరాకు, నిద్ర పట్టకపోవడం, చదువు మీద మనసు నిలవకపోవడం మొదటి రెండు మూడు రోజుల్లో ఎక్కువగా ఉంటాయి, తర్వాత వారాల్లో తగ్గుతాయి. అది పొగరు కాదని ఇంట్లో అందరూ గుర్తుంచుకోవాలి. ‘సగం మంది’ అన్న లెక్కా నమ్మకండి. ఈ వయసు పిల్లలు తోటివారి అలవాట్లను ఎక్కువ చేసి ఊహించుకుంటారు.

మీ వారికి ఒక మాట. కొట్టినందుకు వాడికి క్షమాపణ చెప్పండి. బాల్కనీలో సిగరెట్ పట్టుకుని మానమంటే ఏ పిల్లవాడూ వినడు. తండ్రీకొడుకులు కలిసి మానడం మొదలుపెడితే వాడికి అంతకన్నా బలం లేదు. పొగాకు మానాలనుకునేవారి ఉచిత ఫోను నంబరు 1800-11-2356. మనసు బాగోలేకపోతే టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416కు చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు. మీ బెంగళూరులోనే, హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్ మానసిక ఆరోగ్య ఆస్పత్రిలో వ్యసనాల చికిత్సకు ప్రత్యేక విభాగం ఉంది. అలవాటు మానడానికి మందుల షాపులో దొరికే నికోటిన్ చూయింగ్ గమ్ మాత్రం మీ అంతట మీరు కొని ఇవ్వకండి, ఈ వయసులో అది డాక్టర్ నిర్ణయించాలి.

ఛాతీ నొప్పి, ఆయాసం, పొంతన లేని మాటలు, చనిపోతానన్న మాట - వీటిలో ఏది కనిపించినా ఒక్క పూట కూడా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఆ పరికరాన్ని పారేయకుండా వెంట తెచ్చుకోండి. కొన్నిటిలో గంజాయి నూనె కూడా కలుపుతారు, చూస్తే డాక్టర్‌కు ఎంతో కొంత ఆధారం దొరుకుతుంది.