లెక్కల పుస్తకం రాసే అమ్మాయి డాక్టర్ కావాలనుకోవచ్చా?

ప్రశ్న: మాది హనుమకొండ. నేను ఇంట్లోనే బ్లౌజులు కుడతాను, మావారు ఆటో నడుపుతారు. ఇద్దరిదీ కలిపి నెలకు 24 వేల దాకా వస్తుంది. మా పాప జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివి పదో తరగతిలో 600కు 548 తెచ్చుకుంది. చిన్నప్పటి నుంచి డాక్టర్ అవుతాననేది. ఇప్పుడేమో "పాలిటెక్నిక్ చాలు, మూడేళ్లలో ఉద్యోగం వస్తుంది, తమ్ముణ్ని చదివించండి" అంటోంది. ఏ బ్రాంచి అని అడిగితే "ఏదైనా పర్లేదు" అంది. పాలిసెట్ కూడా రాసేసింది. ఒక కార్పొరేట్ కాలేజీ పీఆర్వో ఇంటికొచ్చి వెళ్లిన దగ్గర్నుంచి మావారు అప్పు చేసైనా అక్కడే బైపీసీలో చేర్పిస్తానంటున్నారు. హాస్టల్‌తో కలిపి ఏడాదికి లక్షా 80 వేలట. ఆయనకు బీపీ మొదలైంది, పలకరిస్తే కసురుకుంటున్నారు. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. నా గిరాకీల లెక్కల పుస్తకం పాపే రాస్తుంది, మా సంగతులన్నీ దానికి తెలుసు. మేం చదువుకోలేదు కాబట్టే పాప ఆశ చంపుకుంటోందా? ఏం చేయమంటారు?
– ఒక తల్లి, హనుమకొండ

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో రెండు మాటల దగ్గర ఆగిపోయాను. ఒకటి, లెక్కల పుస్తకం పాపే రాస్తుందన్నది. రెండోది, ఏ బ్రాంచి అయినా పర్లేదన్నది.

నిజంగా పాలిటెక్నిక్ మీద మనసున్న పిల్లలు బ్రాంచి గురించి మాట్లాడతారు. సివిలా, ఎలక్ట్రికలా, కంప్యూటర్సా అని స్నేహితులతో వాదులాడతారు, ఏ కాలేజీలో ఏ బ్రాంచి ఉందో వాళ్లే కనుక్కుంటారు. ఏదైనా పర్లేదన్న పిల్ల కోర్సును చూడట్లేదు, ఎన్నేళ్లకు చేతికి జీతం వస్తుందో చూస్తోంది. జాకెట్టుకు ఎంత, ఫాల్‌కు ఎంత, కరెంటు బిల్లు, చీటీ పోను మిగిలిందెంత అని నెలనెలా తన చేత్తో రాసే అమ్మాయికి ఇంటి తాహతు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. అప్పు మాట మీరిద్దరూ గుసగుసగా మాట్లాడుకున్నా రెండు గదుల ఇంట్లో వినపడుతుంది. అది విని తనే ఒక తీర్పు ఇచ్చేసుకుంది.

మీరు చదువుకోకపోవడం వల్లే ఇలా అయిందా అంటే, నాకలా అనిపించడం లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3 వేల మంది పిల్లల్ని ఎంచుకుని 2002 నుంచి ఏళ్ల తరబడి వెంట నడిచిన అధ్యయనం ఒకటుంది. పేరు 'యంగ్ లైవ్స్', ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపింది. అక్షరం ముక్క రాని తల్లిదండ్రులు కూడా పిల్లల్ని పెద్ద చదువులు చదివించాలనే కోరుకున్నట్టు అందులో కనిపిస్తుంది. మీరూ అలాగే కోరుకున్నారు. చదువుకున్న ఇళ్లలో ఉండేది, చదువుకోని ఇళ్లలో లేనిది దారి తెలియడం. ఏ ఫారం ఎప్పుడు నింపాలి, ఏ కాలేజీకి ఫీజు ఉండదు, ఒక పరీక్ష పోతే ఇంకేం రాయొచ్చు అన్నది లెక్చరర్ల పిల్లలకు అన్నం తింటుండగానే తెలిసిపోతుంది. మీ పాపకు ఆ సమాచారం పీఆర్వో నోటి నుంచి వచ్చింది. ఆయన చెప్పిన ధర చూసి, డాక్టర్ చదువంటే మొదటి మెట్టే లక్షా 80 వేలు అనుకుంది. (డబ్బున్న ఇళ్లలో అంతా బాగుంటుందనీ అనుకోకండి. నర్సింగ్ హోమ్ ఉన్న తల్లిదండ్రుల పిల్లలు బైపీసీ వద్దనలేక లాంగ్ టర్మ్ కోచింగుల్లో ఏళ్లు పోగొట్టుకోవడం కూడా చూస్తుంటాను.)

కాబట్టి పాపకేం కావాలన్నది ఒక ప్రశ్న, దానికి డబ్బెలా అన్నది ఇంకో ప్రశ్న. మీ ఇంట్లో ముగ్గురూ ఆ రెంటినీ కలిపేసి మాట్లాడుతున్నారు. ముందు మొదటిది ఒక్కటే అడగండి. "రెండు చోట్లా ఫీజు లేదనుకో, ఎందులో చేరతావు?" అని. మీవారు ఉన్నప్పుడు కాదు, మీరూ పాపా హెమ్మింగ్ చేసుకుంటూ కూర్చున్నప్పుడు. ఆ పూట జవాబు చెప్పకపోతే వదిలేయండి, రెండు రోజులాగి మళ్లీ అడగండి. అప్పుడు కూడా పాలిటెక్నిక్ అని, ఒక బ్రాంచి పేరు చెబితే సంతోషంగా పంపండి. అదేం తక్కువ చదువు కాదు. డిప్లొమా తర్వాత ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. సాంకేతిక కోర్సుల్లో చేరిన అమ్మాయిలకు కేంద్ర సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) 'ప్రగతి' స్కాలర్‌షిప్ ఏటా 50 వేలు ఇస్తుంది, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉంటే దరఖాస్తు చేసుకోవచ్చు. డిప్లొమా వాళ్లూ ఇందులో ఉన్నారు. కానీ ఒక్క సంగతి పాపకు చెప్పి తీరాలి. ఇంజినీరింగ్ డిప్లొమాలో చేరితే డాక్టర్ కోర్సుకు దారి అక్కడితో ఆగిపోతుంది. డాక్టర్ సీటు కోసం రాసే నీట్ పరీక్షకు ఇంటర్ స్థాయిలో బయాలజీ ఉండాలి. పదిహేనేళ్ల వయసులో లెక్కల పుస్తకం చూసి మూసేసుకోవాల్సిన తలుపు కాదది.

తను డాక్టరే అంటే, రెండో ప్రశ్నకు వద్దాం.

మీవారి ఆలోచనలో ప్రేమకేం లోటు లేదు గానీ లెక్క కుదరదు. రెండేళ్లకు 3 లక్షల 60 వేలు. బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే అసలు కదలకుండా నెలకు 7,200 వడ్డీకే పోతుంది. మీ 24 వేలల్లో అది 30 శాతం. పైగా ఆ వడ్డీ కూడా పాపే తన చేత్తో పుస్తకంలో రాయాలి. వారం వారం పెట్టే టెస్టుల్లో మార్కు తగ్గిన ప్రతిసారీ ఆ 7,200 గుర్తొచ్చే పిల్ల ఎలా చదువుతుంది? అప్పు మీద చేరిన పిల్లలు సరిగ్గా ఈ టెన్షన్‌తోనే నా దగ్గరికి వస్తుంటారు. ఆ కాలేజీ వద్దు.

ప్రభుత్వ జూనియర్ కాలేజీలో బైపీసీకి ట్యూషన్ ఫీజు లేదు. మోడల్ స్కూళ్లలో ఇంటర్ ఉంది, కస్తూర్బా విద్యాలయాల్లో ఇంటర్ ఉన్నచోట అమ్మాయిలకు హాస్టల్ కూడా ఉచితం. గురుకులాల్లో ఇంకా ఖాళీలున్నాయేమో కనుక్కోండి. అన్ని ప్రభుత్వ కాలేజీలూ ఒకేలా ఉన్నాయని నేను చెప్పను. చేరేముందు మీరూ పాపా వెళ్లి ప్రిన్సిపాల్‌ను నేరుగా అడగండి: బోటనీ, జువాలజీ, ఫిజిక్స్, కెమిస్ట్రీ నాలుగింటికీ లెక్చరర్లు ఉన్నారా, ఏదైనా పోస్టు ఖాళీనా? నిరుడు బైపీసీలో ఎంతమంది పాసయ్యారు? ల్యాబ్ చూపిస్తారా? తలుపు తీసి ల్యాబ్ చూపించడానికి తటపటాయిస్తే ఇంకో కాలేజీ చూసుకోండి. నీట్ తయారీకి కేంద్ర ప్రభుత్వం, ఐఐటీ కాన్పూర్ కలిసి నడిపే 'సాథీ' పోర్టల్‌లో పాఠాలు, టెస్టులు ఉచితం. పరీక్ష తెలుగులోనూ రాయొచ్చు.

పోటీ మాత్రం తేలిక కాదు. నీట్ ఏటా 20 లక్షల మందికి పైగా రాస్తున్నారు. 548 మార్కులు తెచ్చుకున్నంత మాత్రాన సీటు వచ్చేసినట్టు కాదు. అయితే తెలంగాణలో ఇప్పుడు జిల్లాకో ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది, కన్వీనర్ కోటా కౌన్సెలింగ్ జరిపే కాళోజీ విశ్వవిద్యాలయం మీ వరంగల్‌లోనే ఉంది. ప్రభుత్వ కాలేజీలో సీటు వస్తే ఎంబీబీఎస్ ట్యూషన్ ఫీజు ఏడాదికి 10 వేలు. పీఆర్వో చెప్పిన ఇంటర్ ఫీజు పక్కన ఈ అంకె వేసి మీవారికి చూపించండి. సీటు రాకపోయినా బైపీసీ వృథా కాదు. నర్సింగ్, ఫిజియోథెరపీ, ల్యాబ్ టెక్నాలజీ ఉన్నాయి, ఎప్‌సెట్ ప్రవేశ పరీక్ష ద్వారా బీఫార్మసీ, అగ్రికల్చర్ బీఎస్సీ ఉన్నాయి. నీట్ రెండోసారి రాయాలా వద్దా అన్నది ఇప్పుడే తేల్చుకోకండి, మొదటిసారి మార్కులు చూశాక మాట్లాడుకోవచ్చు.

ఇంకో పని చేయండి. పశ్చిమ బెంగాల్‌లో 495 గ్రామాల్లో జరిగిన ఒక పరిశోధన 2012లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. సర్పంచ్ పదవి మహిళలకు రెండు దఫాలు రిజర్వైన ఊళ్లలో, చదువు, ఉద్యోగం లాంటి ఆశలు పెట్టుకోవడంలో మగపిల్లలకూ ఆడపిల్లలకూ మధ్య ఉన్న తేడా దాదాపు మూడో వంతు తగ్గింది. ఆ సర్పంచులు పిల్లలకు పాఠాలేం చెప్పలేదు. ఒక ఆడమనిషి పదవిలో కూర్చుని పని చేయడం ఆ పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు రోజూ చూశారు. మీ పాప చుట్టూ అలా ఎవరున్నారు? మీ గిరాకీల్లో ఎంజీఎం ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మో, ల్యాబ్ టెక్నీషియనో, కాకతీయ మెడికల్ కాలేజీలో చదివే అమ్మాయి వాళ్ల అమ్మో తప్పకుండా ఉంటారు. బ్లౌజు తీసుకోవడానికి వచ్చినప్పుడు పది నిమిషాలు కూర్చోబెట్టి, ఎక్కడ చదివారో, ఫీజులెలా కట్టారో పాపకు చెప్పమనండి. నేను రాసిందంతా ఒకెత్తు, ఆవిడ చెప్పేది ఒకెత్తు.

ఇక మీ ఇద్దరి సంగతి. మీవారి కోపం పాప మీద కాదమ్మా. కూతురు తనకోసం వెనక్కి తగ్గిందని ఆయనకు తెలిసిపోయింది, అది తట్టుకోలేకపోతున్నారు. అప్పు చేస్తే ఆ బాధ పోతుందనుకుంటున్నారు. ముగ్గురూ ఒక సాయంత్రం కూర్చుని, ఆ పుస్తకంలోనే ఒక పేజీ తీసి, ఇంటికి పోను చదువుకు నెలకు ఎంత పెట్టగలమో రాయండి. రెండు వేలే కానివ్వండి, దాచిపెట్టిన భయం కంటే రాసిన అంకె నయం. పాపతో ఆయన నోటితోనే ఈ మాట చెప్పించండి: "ఫీజుల సంగతి మేం చూసుకుంటాం, అది నీ పని కాదు." పుస్తకం ఈ రెండేళ్లు మీరే రాసుకోండి. బీపీని మాత్రం మాటలతో తగ్గించలేం, ఆసుపత్రిలో చూపించుకుని మందులు వాడాల్సిందే. మీ నిద్ర కూడా చిన్న విషయమని వదిలేయకండి. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, ఏ వేళలోనైనా చేయొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

తమ్ముడు ఏ తరగతో మీరు రాయలేదు. ప్రభుత్వ బడిలోనే చదువుతూ ఈ ఏడాది ఎనిమిదికి వస్తుంటే కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ కోసం పెట్టే ఎన్‌ఎంఎంఎస్ పరీక్ష రాయించండి. ఏడో తరగతిలో 55 శాతం (ఎస్సీ, ఎస్టీలైతే 50 శాతం) మార్కులుండాలి, కుటుంబ ఆదాయం మూడున్నర లక్షలు దాటకూడదు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా నెలకు వెయ్యి చొప్పున నాలుగేళ్లలో 48 వేలు వాడి ఖాతాలో పడతాయి. దరఖాస్తు బడి నుంచే వెళ్లాలి కాబట్టి బడి తెరిచిన వారంలోనే హెడ్‌మాస్టర్ గారిని కలవండి. ఈ సంగతి అక్కకు ముందు చెప్పండి, తమ్ముడి బెంగ కూడా తన లెక్కలోనే ఉంది.