మనకే దిక్కులేదు, కుక్కకు 12,000 రూపాయలా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. వారం కింద వంటింట్లో సిలిండర్ లీకై మేముండే అద్దె ఇల్లు కాలిపోయింది. కట్టుబట్టలతో నల్లగొండలో మా అన్న ఇంటికి వచ్చాం. మా కుక్క మోతీకి వీపు, వెనక కాళ్లు కాలాయి. ప్రైవేటు డాక్టరు వైద్యానికి మొత్తం 12,000 అవుతుందన్నాడు. 'మనకే దిక్కులేదు, కుక్కకు 12,000 రూపాయలా?' అన్నాడు మా ఆయన. మా ఆయనకు తెలియకుండా కమ్మలు కుదువ పెట్టి, రసీదు పాప బడి సంచిలో దాచాను. వదినె మోతీని ఊరవతల వదిలేసి రమ్మంటోంది. కుక్కలకు ప్రభుత్వం ఏమైనా సాయం చేస్తుందా?

జవాబు: చెల్లీ, ముందు చేదు మాట చెప్పేస్తా. కుక్క పేరు మీద సర్కారు సాయమేమీ రాదు. విపత్తు సాయం నిబంధనల్లో పాడి బర్రె చనిపోతే 37,500, మేక పోతే 4,000 అని రాసుంది, ఆఖరికి కోడికి కూడా 100 రూపాయలు రాశారు గానీ ఇంటి కుక్క ఊసే లేదు. కాబట్టి మోతీ కోసం స్కీములు వెతుకుతూ తిరగకండి, మీ ఇంటికి రావాల్సిన పైసలు మీరింకా అడగలేదు, వాటి వెంట పడండి.

గ్యాస్ కనెక్షన్‌తోపాటు ప్రమాద బీమా ఉంటుంది. మనం విడిగా ప్రీమియం కట్టం కాబట్టి చాలామందికి ఆ సంగతే తెలియదు. ఇంట్లో సామాను, ఆస్తి నష్టానికి 2 లక్షల దాకా అడగొచ్చు. మీ గ్యాస్ ఏజెన్సీకి వెంటనే కాగితం మీద రాసిచ్చి, ఇచ్చినట్టు ముద్ర వేయించుకోండి, పోలీసుల కాగితం, ఫైర్ స్టేషన్ రిపోర్టు దానికి జత చేయండి. ఒక్క చిక్కుంది, ప్రమాదం జరిగిన ఇల్లూ కనెక్షన్‌లో ఉన్న అడ్రసూ ఒకటే అయ్యుండాలి. కనెక్షన్ మీ అత్తగారి ఊరి అడ్రసు మీద ఉంటే కష్టమే, కానీ అడగకుండా మాత్రం వదలకండి. తహసీల్దార్‌కూ ఒక అర్జీ పెట్టి పంచనామా చేయించండి. పైన చెప్పిన విపత్తు సాయం నిబంధనల్లోనే బట్టలకు 2,500, వంట పాత్రలకు 2,500 ఉన్నాయి. ఇవ్వడం, ఇవ్వకపోవడం వాళ్ల రిపోర్టును బట్టి ఉంటుంది.

ఇక మోతీ. పశువుల దవాఖాన అంటే ఎడ్లకు, బర్రెలకే అనుకుంటాం గానీ అక్కడ కుక్కల్నీ చూస్తారు. రేపు పొద్దున్నే తీసుకుపోండి. మందులు కొన్ని బయట కొనమంటారేమో, అయినా 12,000 కావు. ప్రైవేటు డాక్టరునే అడగాలనుకుంటే 'ఈ వారం తప్పనిసరిగా చేయాల్సింది ఏది, ఆగగలిగింది ఏది, విడతలుగా కట్టొచ్చా' అని మొహమాటం లేకుండా అడగండి. మా ఇంటి కుక్క కాలు విరిగినప్పుడు ఆ మాట అడగలేక మొత్తం ఒకేసారి కట్టి మూడు నెలలు తిప్పలు పడ్డాను. పుండు మీద పసుపు, టూత్‌పేస్టు పూయకండి, నొప్పికని మనుషుల గోళీలు అసలే వేయకండి, పారాసెటమాల్ కూడా కుక్కకు విషం కావచ్చు. నాకకుండా పాత ప్లాస్టిక్ బకెట్ అడుగు కోసి, అంచుకు గుడ్డ చుట్టి మెడకు తొడగండి, మెడ కాలర్ కొనే ఖర్చు తప్పుతుంది. అప్పే చేయాల్సి వస్తే మహిళా సంఘంలో అడగండి, రోజూ వచ్చి వసూలు చేసే గిరిగిరి ఫైనాన్స్ జోలికీ ఫోన్‌లో లోన్ ఇచ్చే యాప్‌ల జోలికీ పోవద్దు.

మీ వదినె మాట అంటారా, ఆమె ఇల్లు, ఆమె ఇబ్బంది ఆమెది. అట్లాగని పుండ్లతో ఉన్నదాన్ని తిండీ నీళ్లూ లేని చోట ఊరవతల వదలడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం (మొదటిసారికి జరిమానా 50 రూపాయలు దాటదు, అది వేరే సంగతి). చట్టం పేరెత్తి గొడవ మాత్రం పెట్టుకోకండి. 'ఇరవై రోజులు పెరట్లో కట్టేస్తా, పొద్దున లేచి నేనే ఊడ్చి కడుగుతా' అని లెక్కగా చెప్పండి. ఆమెకు చిరాకు కుక్క మీద కంటే, మీరంతా ఎన్నాళ్లుంటారో తెలియకపోవడం మీదే ఎక్కువని నాకనిపిస్తోంది. ఇల్లెప్పుడు చూసుకుంటారో కూడా ఆ మాటతోనే చెప్పేయండి.

మీ ఆయన 'మనకే దిక్కులేదు' అన్నది కోపంతో కాదు, భయంతో అన్న మాట. ఏజెన్సీకి, తహసీల్ ఆఫీసుకు ఆయన్ని వెంటబెట్టుకొని పోండి, చేతిలో పనుంటే ఆ టెన్షన్ కాస్త తగ్గుతుంది. కమ్మల సంగతి మాత్రం ఈ రాత్రికే చెప్పండి, రేపు పాప హోంవర్క్ చూద్దామని ఆయన ఆ సంచి తెరవకముందే.