బకెట్‌ నీళ్లకు పోతున్నది ఫ్లష్‌కు పోకపోతే కమోడ్‌ మార్చనక్కరలేదు

గుంటూరులోని మీ అద్దె ఇంట్లో ఫ్లష్‌ నొక్కితే నీళ్లు వస్తున్నా మలం పూర్తిగా పోవడం లేదని, ట్యాంకు మళ్లీ నిండేదాకా ఆగి ఇంకోసారి నొక్కవలసి వస్తోందని, వచ్చి చూసిన ప్లంబరు కమోడ్‌ మార్చాల్సిందేనన్నారని రాశారు. ఆ ఖర్చుకు ఒప్పుకునే ముందు ఒక బకెట్‌ నీళ్లతో చిన్న పరీక్ష చేయండి. సుమారు పది లీటర్ల నీటిని నడుము ఎత్తు నుంచి, మధ్యలో ఆపకుండా, మూడు నాలుగు క్షణాల్లో కమోడ్‌లోకి కుమ్మరించండి. నీరు ఒక్క ఊపున లాక్కుపోయి గిన్నె శుభ్రపడితే కమోడ్‌కూ, దాని కింది గొట్టాలకూ ఏ లోపమూ లేనట్టే. లోపమంతా ట్యాంకులోనో, అక్కడి నుంచి నీరు గిన్నెలోకి దిగే దారిలోనో ఉంది. నీరు అంచుదాకా లేచి నెమ్మదిగా దిగితే మాత్రం కింద ఎక్కడో అడ్డు పడిందని అర్థం.

గుంటూరులోనే బ్రాడీపేటలో మేముండే ఇంట్లో ఇదే ఇబ్బంది వచ్చినప్పుడు బకెట్‌ నీళ్లకు అంతా సాఫీగా పోయింది. అందుకని ముందు ట్యాంకు మూత తీసి చూశాను. నీటి మట్టం ఓవర్‌ఫ్లో గొట్టం (ఎక్కువైన నీటిని గిన్నెలోకి వదిలే నిలువు గొట్టం) పైఅంచుకు ఒక అంగుళం కిందకు ఉండాలి. నీళ్లు ఆదా చేద్దామని ఎవరైనా ఫ్లోట్‌ను, అంటే ట్యాంకు నిండగానే నీటిని ఆపే తేలుడు బుడ్డిని, దించి పెడితే ఆ మేరకు ఊపు తగ్గిపోతుంది. రెండు బటన్లున్న ట్యాంకుల్లో చిన్న బటన్‌కు సాధారణంగా 3 లీటర్లు, పెద్ద బటన్‌కు 6 లీటర్లు వదులుతాయి, కాబట్టి చిన్నది నొక్కి మలం పోలేదనుకోవడంలో అర్థం లేదు. ఒక్కో ఫ్లష్‌కు పది లీటర్లు వాడే పాతకాలపు కమోడ్‌కు ఈ మధ్య కొత్త చిన్న ట్యాంకు బిగించి ఉంటే ఎంత సర్దినా ఊపు చాలదు. అటువంటి జత మీ ఇంట్లో ఉందేమో యజమానిని అడగండి.

మా ట్యాంకులో మట్టం సరిగానే ఉంది. అసలు కారణం గిన్నె అంచు కింద దొరికింది. తాగడానికీ వంటకూ కృష్ణా నీళ్లు, మిగిలిన వాడకానికంతా బోరు నీళ్లు అన్న పద్ధతి మన ఊళ్లో చాలా ఇళ్లలో ఉన్నదే, మాదీ అంతే. ఆ బోరు నీటిలోని సున్నం ఏళ్ల తరబడి పేరుకుని గార కడుతుంది. చేతి అద్దం అంచు కింద పెట్టి, సెల్‌ఫోన్‌ లైటు వేసి చూస్తే, వరుసగా ఉన్న రంధ్రాల్లో కొన్ని పసుపు తెలుపు కలిసిన గట్టి పొరతో పూర్తిగా మూసుకుపోయి, కొన్నిట్లో గుండుసూది పట్టేంత సందు మాత్రమే మిగిలి కనిపించింది. ట్యాంకులోని నీరంతా ఖాళీ అవుతున్నా, ఒక్కసారిగా పడవలసింది సన్నని ధారలుగా దిగుతుంటే మలాన్ని నెట్టే బలం దానికి ఎక్కడిది?

దీనికి మందు కిరాణా కొట్టులోనే దొరుకుతుంది. ట్యాంకుకు నీరు వచ్చే చోట ఉండే కుళాయిని (యాంగిల్‌ కాక్‌) కట్టేసి, ఫ్లష్‌ నొక్కి ట్యాంకు ఖాళీ చేసి, రెండు లీటర్ల గోరువెచ్చని నీటిలో 200 గ్రాముల నిమ్మ ఉప్పు కరిగించి, దాన్ని కొద్దికొద్దిగా ఓవర్‌ఫ్లో గొట్టంలో పోస్తే అంచు లోపలి కాలువలోకి చేరుతుంది. మరిగే నీళ్లు పోయకండి, పింగాణీ పగలవచ్చు. రాత్రంతా వదిలేసి, ఉదయం కరెంటు వైరులోని రాగి తీగతో ఒక్కో రంధ్రాన్నీ పొడిస్తే మెత్తబడిన గార పెళుసుగా ఊడివస్తుంది. గట్టిగా పేరుకున్న చోట ఇదే పని మళ్లీ చేయవలసి ఉంటుంది, ఓపిక పట్టాలి. తొందరపడి టాయిలెట్‌ క్లీనర్‌ను ట్యాంకులో పోస్తే అందులోని ఆమ్లం రబ్బరు వాషర్లనూ ఇనుప మరలనూ తినేస్తుంది. దానికి తోడు బ్లీచింగ్‌ పౌడర్‌ కలిస్తే విషపూరితమైన క్లోరిన్‌ వాయువు పుడుతుంది, కిటికీ లేని బాత్రూములో అది ప్రాణాంతకం.

బకెట్‌ నీళ్లు కూడా పోకపోతే ఈ శ్రమంతా దండుగ. ముందు ప్లంజర్‌తో, అంటే కర్రకు రబ్బరు గిన్నె బిగించిన పనిముట్టుతో, ప్రయత్నించండి. తడి టిష్యూలు, శానిటరీ ప్యాడ్లు, పిల్లల బొమ్మలు సాధారణంగా కమోడ్‌ వంపులోనే ఇరుక్కుంటాయి. లొంగకపోతే ఇంటి బయట మురుగు గొట్టం వచ్చి చేరే గుంట, అంటే చాంబర్‌, మూత తీయించండి. అందులో నీరు నిలిచి ఉంటే అడ్డు దాని అవతల, అంటే సెప్టిక్‌ ట్యాంకు వైపో వీధి డ్రైనేజీ వైపో ఉంది. ఖాళీగా ఉంటే కమోడ్‌కూ చాంబర్‌కూ మధ్య గొట్టంలో ఉంది. సెప్టిక్‌ ట్యాంకును రెండు మూడేళ్లకోసారి తోడించాలి, అదీ వాహనంతో పీల్పించాలి. రక్షణ పరికరాలు, జాగ్రత్తలు లేకుండా మనిషిని లోపలికి దింపడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. మీది అద్దె ఇల్లు కనుక, చాంబర్‌ తెరిచేటప్పుడు యజమానిని దగ్గరుండమనండి. లోపం ఎక్కడుందో ఆయన కూడా చూస్తే, ఎవరు బాగు చేయించాలో అక్కడే తేల్చుకోవచ్చు.