ఒకే కథ, ఒకే కొలత – వెలలో ఇంత తేడా ఎందుకు?

ప్రశ్న: శ్రీకాళహస్తిలో రెండు కలంకారీ తెరలు చూశాం. రెండిట్లోనూ రామ పట్టాభిషేకమే, కొలతా ఒకటే. ఒకటి వందల్లో చెబితే ఇంకొకటి వేలల్లో చెప్పారు. అడిగితే ‘పని ఎక్కువమ్మా’ అన్నారు. పని ఎక్కువైతే విలువ ఎక్కువేనా? మా అత్తగారి నాటి కలంకారీ ఒకటి ఇంట్లో ఉంది. ఉతికి ఫ్రేము కట్టించవచ్చా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: ‘పని ఎక్కువ’ అన్న ఒక్క మాటకే డబ్బు పెట్టకండమ్మా. నెలంతా కూర్చుని రంగులు నింపినా గీతలో జీవం లేకపోతే లాభం లేదు. కలంకారీకి వెల తెచ్చేది ముందు గీత, తర్వాత రంగు, ఆ తర్వాతే పట్టిన రోజులు.

కలం అంటే మొన చెక్కిన వెదురుపుల్ల. దానికి ఉన్నిగానీ గుడ్డగానీ చుట్టి దారంతో బిగిస్తారు. ఆ చుట్టను వేళ్ళతో నొక్కితే రంగు మొనకు దిగుతుంది. నలుపేమో తుప్పు ఇనుము, బెల్లం నీళ్ళలో రెండు మూడు వారాలు ఊరబెట్టిన కసిమి. కరక్కాయ, గేదెపాలు పట్టించిన గుడ్డ మీద పడగానే అది నల్లబడుతుంది. ఇక చెరపడానికి వీల్లేదు. పాలలోని కొవ్వు లేకపోతే గీత పాకిపోతుంది. అందుకే కళ్ళు, చేతివేళ్ళు చాలాచోట్ల అనుభవమున్న చెయ్యే గీస్తుంది, రంగులు మిగతావాళ్ళు నింపుతారు. ఎంత పేరున్న కళాకారుల ఇంటి తెరైనా ఈ గీత ఎవరిదని అడగండి.

ఒకే తెరలో రెండు చిలకలను పోల్చి చూడండి. చేత్తో గీసినవి ఎంత పోలినా అచ్చంగా ఒకటి కావు. కలం ముంచిన చోట గీత లావుగా మొదలై పోనుపోను సన్నబడుతుంది. ఒకే విరుపు ప్రతి చిలకలోనూ అదే చోట కనిపిస్తే అది అచ్చు. తిప్పి చూస్తే కసిమి గీత వెనక్కి దిగి ఉంటుంది, స్క్రీన్ ప్రింటు సాధారణంగా వెనక వెలిసినట్టుంటుంది. అచ్చు తక్కువని కాదు. కృష్ణా జిల్లా పెడనలో చేసే చెక్క అచ్చుల కలంకారీ తన పద్ధతిలో అసలైనదే. దాన్ని చేతిగీత ధరకు అమ్మడమే మోసం.

ఎరుపును నేరుగా పూయరు. పటిక నీళ్ళతో గీసి, ఆరాక పారే నీళ్ళలో జాడించి, ఎర్రరంగునిచ్చే మంజిష్ఠ వేరుతో ఉడకబెడితే పటిక ఉన్న చోటే ఎర్రబడుతుంది. నిలవ నీళ్ళలో జాడిస్తే వదిలిన పటిక తెల్లచోటికి అంటి, ఉడికాక మరకలై తేలుతుంది. శ్రీకాళహస్తి పక్కనున్న స్వర్ణముఖి నదిలో పారే నీళ్ళకు ఈ పనిలో అంత విలువ అందుకే. కాబట్టి బొమ్మల మధ్య ఖాళీ జాగా ఎంత శుభ్రంగా ఉందో చూడండి. తడిగుడ్డతో రుద్దే పరీక్షను మాత్రం నమ్మకండి, సహజ రంగూ కొత్తలో కాస్త వదలవచ్చు. గీసినవారి పేరు, వాడిన రంగులు బిల్లు మీద రాయించుకోండి.

ఇక అత్తగారి తెర. దయచేసి ఉతకకండి. కసిమిలోని ఇనుపనలుపు ఏళ్ళు గడిచేకొద్దీ నూలును తినేస్తుంది, తడిపితే గీత వెంబడే చిరుగుతుంది. మాసిన గీతల మీద కొత్త రంగు దిద్దించడం ఇంకా పెద్ద నష్టం, అసలు గీతే పోతుంది. లామినేషన్, జిగురు రెండూ వద్దు. వెనక ఉతికిన తెల్లనూలు గుడ్డ వేసి, సన్నదారంతో వదులుగా కుట్టించండి. అద్దం బొమ్మకు తగలకుండా సందు ఉంచి, ఎండా చెమ్మా తగలని గోడకు పెట్టండి. ఇప్పటికే చీలికలుంటే ఫ్రేము మానేసి, లావుపాటి గొట్టానికి శుభ్రమైన నూలుగుడ్డ చుట్టి, దాని మీద మడత లేకుండా చుట్టి దాచండి.